ప్రాక్టీసులో 75, పోటీలో 84: కుర్ర గోల్ఫర్ ఒత్తిడికి లొంగాడని ఎప్పుడనాలి?

గోల్ఫ్‌లో 18 హోల్స్‌లోకి బంతిని చేర్చడానికి కొట్టిన దెబ్బల (స్ట్రోకుల) మొత్తమే స్కోరు, అది ఎంత తక్కువైతే అంత మంచిది. జూనియర్ టోర్నమెంటు ముగిసిన సాయంత్రం క్లబ్‌హౌస్ దగ్గర కాసేపు నిలబడితే ఈ మాట వినపడకుండా ఉండదు: "మావాడు ప్రాక్టీసులో అదరగొడతాడండీ, పోటీకొచ్చేసరికి ఎందుకో తడబడిపోతాడు." పక్కాయన తీర్పు కూడా సిద్ధంగానే ఉంటుంది: "ప్రెషర్ తట్టుకోలేకపోతున్నాడండీ. కసి ఉండాలి."

ఈ రెండు మాటల్లో మూడు వేర్వేరు ప్రశ్నలు కలగాపులగమైపోయాయి. పిల్లాడి అసలు స్థాయి ఎంత? ఒత్తిడిలో ఆ స్థాయి నుంచి ఎంత జారుతున్నాడు? ఇంతకీ వాడికి ఈ ఆటలో ఏం కావాలి? మొదటిదానికి జవాబు తెలియకుండా రెండోది చెప్పలేం. మూడోది స్కోర్‌కార్డులో ఎక్కడా ఉండదు. చాలాసార్లు మొదటి ప్రశ్న దగ్గరే లెక్క తప్పుతుంది. తప్పిన లెక్కకు "మనోబలం లేదు" అని పేరు పెట్టేస్తాం.

మనకు అలవాటైన కొలతలు ఇక్కడ ఎందుకు పనిచేయవు

హైదరాబాద్ తల్లిదండ్రులకు పిల్లల్ని కొలవడానికి రెండు కొలతలు బాగా అలవాటు. ఒకటి ఎంట్రన్సు ర్యాంకు, రెండోది బ్యాడ్మింటన్. ర్యాంకు పరీక్షలో అందరికీ దాదాపు ఒకే స్థాయి ప్రశ్నపత్రం. బ్యాడ్మింటన్‌లో నెట్ అవతల ఒక మనిషి ఉంటాడు, గెలిచామో ఓడామో అక్కడికక్కడే తేలిపోతుంది.

గోల్ఫ్‌లో ప్రశ్నపత్రం రోజూ మారుతుంది. గోల్కొండ కోట పక్కన నయా ఖిల్లాలో ఉన్న హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ కోర్సు వేరు, గచ్చిబౌలి వైపు బండరాళ్ల మధ్య మలిచిన బౌల్డర్ హిల్స్ వేరు. ఒకే కోర్సులోనైనా హోల్‌ను చూపే జెండా పెట్టే చోటు ఇవాళ ఒకచోట, రేపు ఇంకోచోట. గాలి సంగతి సరేసరి. పైగా ఇక్కడ ఓడిపోవడమే మామూలు సంగతి. టైగర్ వుడ్స్ అమెరికా ప్రొఫెషనల్ పోటీల శ్రేణి పీజీఏ టూర్‌లో 82 టైటిళ్లు గెలిచాడు. అలాంటివాడు కూడా ఆడిన పోటీల్లో నాలుగింట మూడు వంతులకు పైగా గెలవలేదు. ఎనభై మంది బరిలో దిగిన పోటీలో గెలవనివాడల్లా ఒత్తిడికి లొంగినవాడైతే, ఆ పూట 79 మంది లొంగినట్టే.

ఇంకో తేడా సమయం. రౌండు నాలుగు గంటలకు పైగా సాగుతుంది. అందులో బంతిని కొట్టే సమయం మొత్తం కలిపినా కొద్ది నిమిషాలే. మిగతాదంతా నడక, ఎదురుచూపు, ఆలోచన. షటిల్ మీదికి దూసుకొస్తుంటే భయపడే తీరిక ఉండదు. గోల్ఫ్‌లో భయానికి కావలసినంత తీరిక.

హ్యాండీక్యాప్ సగటు స్కోరు కాదు

ఇక అసలు చిక్కు. నిపుణుడికి ఒక కోర్సులో (లేదా ఒక హోల్‌లో) పట్టాల్సిన స్ట్రోకుల సంఖ్య పార్. ఆటగాడి స్థాయిని బట్టి అతనికి ఇచ్చే అదనపు స్ట్రోకుల లెక్క హ్యాండీక్యాప్. "మావాడిది 3 హ్యాండీక్యాప్" అన్నప్పుడు వినేవాళ్లకు "పార్ 72 కోర్సులో మామూలుగా 75 కొడతాడు" అని అర్థమవుతుంది. అది నిజం కాదు.

2020లో మొదలైన వరల్డ్ హ్యాండీక్యాప్ సిస్టమ్ ప్రకారం ఆటగాడి చివరి 20 రౌండ్లు తీసుకుంటారు. ప్రతి స్కోరునూ కోర్సు కష్టాన్ని బట్టి సవరిస్తారు. స్కోరులోంచి కోర్స్ రేటింగ్ (నిపుణుడికి అక్కడ పట్టే స్ట్రోకుల అంచనా) తీసేసి, మిగిలినదాన్ని 113తో గుణించి, మామూలు ఆటగాడికి ఆ కోర్సు ఇంకెంత కష్టమో చెప్పే స్లోప్ రేటింగ్‌తో భాగిస్తారు. దాని పేరు డిఫరెన్షియల్. స్లోప్ 55 నుంచి 155 దాకా ఉంటుంది, 113 అంటే సాధారణ కష్టం. ఇలా వచ్చిన 20 డిఫరెన్షియల్స్‌లో మంచివి 8 మాత్రమే తీసుకుని సగటు కడతారు. మిగిలిన 12 సగటులోకి రావు.

ఒక ఊహాజనిత కుర్రాడిని తీసుకుందాం. వయసు 15. సొంత కోర్సు పార్ 72, రేటింగ్ 72.0, స్లోప్ 130. చివరి 20 స్కోర్లు తక్కువ నుంచి ఎక్కువకు పేరిస్తే ఇలా ఉన్నాయి: 74, 75, 75, 76, 76, 76, 77, 77, 78, 78, 79, 79, 80, 80, 81, 81, 82, 83, 84, 85.

మొదటి ఎనిమిదింటి సగటు 75.75. సూత్రంలో వేస్తే హ్యాండీక్యాప్ ఇండెక్స్ దాదాపు 3.3 వస్తుంది. ఈ కోర్సులో దాని ప్రకారం అతనికి పార్ మీద 4 అదనపు స్ట్రోకులు, అంటే "తన హ్యాండీక్యాప్‌కు ఆడటం" అంటే 76. కానీ ఇరవై స్కోర్ల సగటు 78.8. ఇరవై రౌండ్లలో 76 గాని అంతకన్నా తక్కువ గాని వచ్చినవి ఆరే.

ఇప్పుడీ కుర్రాడు మూడు రోజుల పోటీలో 79, 77, 81 కొట్టాడనుకోండి. నాన్న లెక్కలో మూడు 76లు కలిపితే 228 రావాలి, వచ్చింది 237. "తొమ్మిది స్ట్రోకులు ఒత్తిడికి పోయాయి" అంటాడు. సగటు లెక్కలో మూడు రౌండ్లకు రావలసింది 236.4. కాబట్టి పోయింది ఒక్క స్ట్రోకు కూడా కాదు. ఆ పోటీ జరిగింది ఇంకాస్త కష్టమైన కోర్సులో అనుకుందాం, రేటింగ్ 73.5, స్లోప్ 138. అక్కడ ఇతని సగటు ఆట 80.7కి సమానం. అంటే రోజుకు సగటున 79 కొట్టి వచ్చిన పిల్లాడు నిజానికి తన మామూలు కన్నా బాగా ఆడి, కారులో దారి పొడవునా తిట్లు తిని ఇంటికొచ్చాడు.

హ్యాండీక్యాప్ పద్ధతిని తప్పు పట్టాల్సిన పని లేదు. అది మనిషి సత్తా ఎంతవరకు ఉందో చెప్పడానికి పెట్టింది. రేపు ఎంత కొడతాడో చెప్పడం దాని పని కాదు.

సొంత క్లబ్ స్కోరులో దాగిన వెసులుబాట్లు

పై లెక్క సొంత కోర్సు స్కోర్లన్నీ నిక్కచ్చివని నమ్మి వేసింది. ఆదివారం ఉదయం నలుగురు కలిసి ఆడే ఆటలో రెండడుగుల పట్ (బంతిని హోల్‌లోకి దొర్లించే దెబ్బ) మిగిలితే "తీసేసుకో" అంటారు. అదే గిమ్మీ. పోటీలో ఆ రెండడుగులూ కొట్టి తీరాలి. మట్టిలోనో గుంటలోనో పడిన బంతిని చేత్తో సరిచేసుకునే వీలు ఇంటి దగ్గర ఉంటుంది, బయట చాలాచోట్ల ఉండదు. హ్యాండీక్యాప్‌కు స్కోరు ఎక్కించేటప్పుడు ఒక్కో హోల్‌కు గరిష్ఠ పరిమితి కూడా ఉంది. మన కుర్రాడి స్థాయిలో అది చాలా హోల్స్‌లో డబుల్ బోగీ (పార్ కన్నా రెండు ఎక్కువ; ఒకటి ఎక్కువైతే బోగీ). బంతిని రెండుసార్లు నీళ్లలో వేసి పార్ 4 మీద 9 కొడితే హ్యాండీక్యాప్ లెక్కలోకి 6గానే వెళ్తుంది. టోర్నమెంటులో 9 అంటే 9.

మన ఊళ్లో ఇంకో వెసులుబాటు ఉంది, దాన్ని ఎవరూ వెసులుబాటుగా లెక్కవేయరు: ఆటగాడి బ్యాగు మోస్తూ సలహా చెప్పే క్యాడీ. ఇరవై ఏళ్లుగా అదే గ్రీన్ల (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద నడిచిన మనిషి "బాబూ, హోల్ బయటికి ఎడమ పక్క కొట్టు" అంటాడు, పిల్లాడు కొడతాడు, పడుతుంది. ఆ పట్‌లో సగం క్యాడీది. క్యాడీలు వద్దని నిర్వాహకులు స్థానిక నిబంధన పెట్టుకునే వీలుంది. అలాంటి పోటీలో, కొత్త ఊరి కోర్సులో, పిల్లాడు మొదటిసారి తన కళ్లతో తానే వాలు చూసుకోవాలి. అక్కడ పోయే స్ట్రోకులు భయం వల్ల పోయినవి కావు, ఇంకా నేర్చుకోని విద్య వల్ల పోయినవి. రెండింటికీ మందు వేరు.

ఒక్క రౌండుకు ఎంత విలువ ఇవ్వాలి

మన కుర్రాడి స్కోర్లు సగటుకు అటూ ఇటూ దాదాపు మూడేసి స్ట్రోకులు ఊగుతున్నాయి. కాబట్టి ఏ ప్రత్యేక కారణమూ లేకుండానే 76 రావచ్చు, 82 రావచ్చు. మొదటి రోజు 74 కొట్టి ఆధిక్యంలోకి వచ్చాడనుకోండి. 20 స్కోర్లలో 19 అంతకన్నా ఎక్కువే కాబట్టి రెండో రోజు పెరగడమే సహజం. బయటి నుంచి చూసేవాళ్లకు మాత్రం అది "లీడ్‌లోకి రాగానే కూలిపోయాడు" అన్నట్టు కనిపిస్తుంది. అసాధారణంగా మంచి రోజు తర్వాత మామూలు రోజు రావడాన్ని గణాంకాల్లో సగటు వైపు తిరోగమనం అంటారు. దానికి మనసుతో పని లేదు.

మరి ఎప్పుడు అనుమానించాలి? ఆఖరి రోజు ఒకసారి 84 వస్తే ఏమీ తేలదు, ఇంటి దగ్గర కూడా ఇరవైలో రెండుసార్లు అంత వస్తోంది. కానీ గత ఎనిమిది పోటీల ఆఖరి రౌండ్ల సగటు, కోర్సు కష్టం సవరించాక కూడా, 82 దగ్గర నిలిచిందనుకోండి. ఎనిమిది రౌండ్ల సగటు మామూలుగా ఒక స్ట్రోకు మాత్రమే అటూ ఇటూ ఊగుతుంది. మూడు స్ట్రోకులు జరిగిందంటే దాన్ని అదృష్టం మీద తోసేయడం కష్టం. అప్పుడు ఒత్తిడి గురించి మాట్లాడుకోవడం న్యాయం.

అప్పుడు కూడా ముద్ర వేసేముందు ఇద్దరి చరిత్ర చూడాలి. పీవీ సింధు 2016 రియో ఒలింపిక్స్‌లో, 2017 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో, 2018లో కామన్వెల్త్, ఆసియా క్రీడలు, మళ్లీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్స్‌లో ఓడినప్పుడు "ఫైనల్ ఫోబియా" అన్నారు. 2019 ఆగస్టులో బాసెల్‌లో ప్రపంచ ఫైనల్‌ను జపాన్ క్రీడాకారిణి ఒకుహారా మీద 21-7, 21-7తో గెలిచింది. అన్ని ఫైనల్స్ దాకా వెళ్లినవాళ్లు ఎందరున్నారని ఆ రోజు దాకా అడిగినవాళ్లు తక్కువ.

గోల్ఫ్‌లో అదితి అశోక్ కథ ఇంకా చిక్కనిది. రియో నాటికి ఆమెకు 18 ఏళ్లు, ప్రొఫెషనల్‌గా మారి ఏడాది కూడా కాలేదు. మొదటి రెండు రోజులు 68, 68. తర్వాత 79, 76. చివరికి 41వ స్థానం. టోక్యో ఒలింపిక్స్‌లో 67, 66, 68, 68 కొట్టి ఒక్క స్ట్రోకు తేడాతో పతకం కోల్పోయి నాలుగో స్థానంలో నిలిచింది. దేశమంతా తెల్లవారుజామునే లేచి టీవీలో గోల్ఫ్ చూసిన రోజది. సరే, ఒత్తిడిని జయించేసింది అనుకుందామా? 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడో రోజు 61 కొట్టి ఏడు స్ట్రోకుల ఆధిక్యంతో ఆఖరి రోజులోకి దిగింది. ఆ రోజు 77. స్వర్ణం థాయ్‌లాండ్ అమ్మాయికి వెళ్లి, ఆమెకు రజతం దక్కింది. ఈ మూడు పోటీల్లో ఏ ఒక్కటి పట్టుకున్నా అదితి గురించి ఒక తీర్పు రాయొచ్చు. మూడూ కలిపితే ఏ తీర్పూ నిలవదు.

ఒత్తిడి నిజంగా పట్టుకున్నప్పుడు లోపల జరిగేది

ఇదంతా చెప్పి ఒత్తిడే లేదనడం అబద్ధమవుతుంది. ఉంది. గుండె వేగం పెరుగుతుంది, చేతిలోని క్లబ్ (బంతిని కొట్టే కర్ర) మీద పట్టు బిగుస్తుంది, స్వింగ్ లయ తొందరపడుతుంది. దీన్ని వివరించడానికి మనస్తత్వ శాస్త్రంలో రెండు వాదాలున్నాయి.

మొదటి వాదం: ఒత్తిడిలో మనిషి తన కదలికలను తానే కాపలా కాయడం మొదలుపెడతాడు. వేలసార్లు చేసి చేసి తనంతట తానే జరిగే పనిలోకి ఆలోచన చొరబడి ముక్కలు చేస్తుంది. సియాన్ బైలాక్, థామస్ కార్ తదితరులు 2000ల తొలి సంవత్సరాల్లో గోల్ఫ్ పట్టింగ్ మీద చేసిన ప్రయోగాలు దీనికి బలమిచ్చాయి. అనుభవం ఉన్న గోల్ఫర్లను తమ స్ట్రోకు మీదే దృష్టి పెట్టమంటే వాళ్ల ఆట దెబ్బతింది. కొత్తవాళ్లకు అదే సూచన మేలు చేసింది. మన విషయానికి ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే పదిహేనేళ్ల పిల్లాడు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాడు. వాడికి డ్రైవర్ (ఎక్కువ దూరం కొట్టే క్లబ్) అలవాటైపోయింది, బంకర్ (ఇసుక గుంట) షాట్ ఇంకా నేర్చుకుంటున్నాడు. "తల దించి ఉంచు, మోచెయ్యి చూసుకో" అన్న అదే సలహా ఒక షాట్‌కు ఉపకారం, ఇంకో షాట్‌కు అపకారం.

రెండో వాదం: ఆందోళన బుర్రలో చోటు ఆక్రమిస్తుంది. గాలి ఎటు, క్లబ్ ఏది, గ్రీన్‌కు ఏ వైపు సురక్షితం అన్న లెక్కలకు చోటు చాలదు. ఈ వాదం ప్రకారం చెడేది చెయ్యి కాదు, నిర్ణయం. ఈ రెండు వాదాలవాళ్లూ ఒకరినొకరు ఖండించుకుంటూ ఉంటారు గాని, నాకైతే గోల్ఫ్‌లో రెండూ ఒకే రౌండులో కనిపిస్తాయి. నాలుగడుగుల పట్ తప్పడానికి మొదటిది, 7 ఐరన్ క్లబ్ బదులు తక్కువ దూరం వెళ్లే 8 ఐరన్ తీసి నీళ్లలో వేయడానికి రెండోది సరిపోతుంది.

మూడో కోణం నష్టభయం. డెవిన్ పోప్, మారిస్ ష్వైట్జర్ అనే పరిశోధకులు ప్రొఫెషనల్స్ కొట్టిన 25 లక్షలకు పైగా పట్‌లను విశ్లేషించి 2011లో ప్రచురించారు. ఒకే రకమైన పట్‌ను పార్ కోసం కొట్టేటప్పుడు కన్నా బర్డీ (పార్ కన్నా ఒకటి తక్కువ) కోసం కొట్టేటప్పుడు వాళ్లు కాస్త తక్కువసార్లు వేస్తున్నారని తేలింది. బోగీ అంటే నష్టం అన్న భావన అంతటివాళ్లను కూడా కదిలిస్తోందన్నమాట. పట్‌ల గురించి మనకున్న అంచనాలు కూడా సవరించుకోవాలి. పీజీఏ టూర్ ఆటగాళ్లు ఎనిమిది అడుగుల పట్‌ను వేసేది దాదాపు సగం సార్లే. కుర్రాడు ఆఖరి హోల్ మీద ఎనిమిది అడుగుల పట్ తప్పితే "చేతులు వణికాయి" అనే ముందు ఈ సంగతి గుర్తుండాలి.

ఒత్తిడిని తట్టుకోవడం పుట్టుకతో వస్తుందా, నేర్పితే వస్తుందా అన్నది కూడా తేలని చర్చే. స్వభావంలో తేడాలున్నమాట నిజం. కొద్దిపాటి ఆందోళన కలిగించే పరిస్థితుల్లో సాధన చేసినవాళ్లు తర్వాత ఒత్తిడిలో తక్కువ జారారని నెదర్లాండ్స్ పరిశోధకులు డార్ట్స్ వంటి ఆటల్లో చూపించారు. అయితే ప్రయోగశాలలో కల్పించే ఆందోళన, నాన్న చెట్టు చాటు నుంచి చూస్తుండగా ఆడే పద్దెనిమిదో హోల్ ఒకటేనా అన్న అనుమానం న్యాయమైనదే.

ఒకే స్కోరు, రెండు కథలు

ఇద్దరు పిల్లలు పార్ 72 కోర్సులో 82 కొట్టారు. మొదటివాడి కార్డులో పది బోగీలు, ఎనిమిది పార్లు, అక్కడక్కడా చెదురుగా. రెండోవాడు 13 హోల్స్ దాకా పార్‌కు సమంగా ఉన్నాడు. పద్నాలుగో హోల్‌లో బంతి రాళ్లలోకి వెళ్లింది, ట్రిపుల్ బోగీ. ఆ తర్వాత డబుల్, డబుల్, బోగీ, డబుల్.

మొదటిదానిలో ఒత్తిడి జాడ లేదు, బహుశా గ్రీన్ దగ్గరి చిన్న షాట్లు బాగుపడాలి. రెండోది చూడగానే కథ అల్లబుద్ధవుతుంది. ఆ ట్రిపుల్ ఎలా వచ్చిందో అడిగితే గాని ఆ కథ నిజమో కాదో తెలియదు. పక్కకు ఒక స్ట్రోకు ఖర్చుపెట్టి ఫెయిర్‌వేలోకి (కత్తిరించిన గడ్డి దారిలోకి) తెచ్చుకోవలసింది పోయి, రెండు బండల మధ్య సందులోంచి గ్రీన్ మీదికి కొట్టబోయాడా? పోయిన స్ట్రోకులు తర్వాతి హోల్‌లోనే రాబట్టాలని డ్రైవర్ తీశాడా? అవునంటే అది నిర్ణయం చెడటం. లేదా అది మే నెల, మధ్యాహ్నం ఒంటిగంట, నీళ్ల సీసా తొమ్మిదో హోల్ దగ్గరే ఖాళీ అయిందా? హైదరాబాద్ ఎండలో చివరి ఐదు హోల్స్‌లో ఒళ్లు సహకరించకపోవడానికి మనోబలం దాకా వెళ్లనక్కర్లేదు.

1999లో స్కాట్లండ్‌లోని కార్నూస్టీలో జరిగిన బ్రిటిష్ ఓపెన్‌లో ఫ్రాన్స్ ఆటగాడు జాన్ వాన్ డి వెల్డ్‌కు చివరి హోల్‌లో 6 కొట్టినా టైటిల్ దక్కేది. 7 కొట్టి ప్లేఆఫ్‌లో ఓడాడు. అందరికీ గుర్తున్నది వాగులోకి దిగి నిలబడ్డ దృశ్యం. కానీ టీ (హోల్‌లో మొదటి దెబ్బ కొట్టే చోటు) మీద డ్రైవర్ తీసినప్పటి నుంచే ఆ 7కు పునాది పడిందని వాదించేవాళ్లున్నారు. అతను తన ఆట తాను ఆడాడని వెనకేసుకొచ్చేవాళ్లూ ఉన్నారు. పాతికేళ్లు దాటినా అది తేలలేదు.

ఆకాంక్ష ఎవరిది, దేని కోసం

"కసి" అన్న మాటను మనం చాలా ఉదారంగా వాడతాం. పన్నెండేళ్లప్పుడు ఏ పిల్లాడిని అడిగినా ఇండియాకు ఆడతాననే అంటాడు. మాటను బట్టి ఆకాంక్షను కొలవలేం. కనపడే గుర్తు ఒకటుంది: తనకు రాని షాట్‌ను ఎంతసేపు సాధన చేస్తున్నాడు? రేంజ్ (సాధన మైదానం) మీద డ్రైవర్ బాదుతూ గంట గడపడం అందరికీ ఇష్టమే.

ఇద్దరు అమ్మాయిలను ఊహించుకోండి. ఒకరు సొంత క్లబ్ పోటీలన్నీ గెలుస్తారు. ఇంకొకరు ఇండియన్ గోల్ఫ్ యూనియన్ పోటీలకు బెంగళూరు, కోల్‌కతా, చండీగఢ్ తిరిగి ముప్ఫయ్యో స్థానంతో వస్తారు. హాల్లో ట్రోఫీల అలమారా చూసినవాళ్లు మొదటి అమ్మాయిని మెచ్చుకుంటారు. ప్రపంచ అమెచ్యూర్ గోల్ఫ్ ర్యాంకింగ్ మాత్రం ఎంత గట్టివాళ్ల మధ్య ఆడారన్నదానికి విలువిస్తుంది. ఓడిపోయే అవకాశం ఎక్కువున్న చోటికి కావాలని వెళ్లడం ఆకాంక్షకు మంచి గుర్తే.

కానీ ఈ గుర్తుకూ ఒక లోపముంది. విమాన టికెట్లు, హోటళ్లు, ప్రాక్టీసు రౌండు ఫీజులు ఎవరు కడతారు? క్లబ్ సభ్యుడి పిల్లాడికి వారమంతా కోర్సు అందుబాటులో ఉంటుంది. క్యాడీ కొడుక్కి దొరికేది కోర్సు ఖాళీగా ఉన్న పూటే. అతను కోల్‌కతా వెళ్లలేదంటే కసి లేదని కాదు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ ఢిల్లీలో క్యాడీల కుటుంబం నుంచి వచ్చినవాడే. ఒత్తిడి కూడా ఇద్దరికీ ఒకటి కాదు. ఒకరికి పట్ తప్పితే మనసు నొచ్చుకుంటుంది. ఇంకొకరికి అది వచ్చే నెల పోటీ ఫీజు.

పదహారేళ్లప్పుడు ఇంకో మలుపు వస్తుంది. ఇంటర్ ఎంపీసీలో చేరాక రోజు మొత్తం కాలేజీకే పోతుంది. అదే సమయంలో పిల్లాడు ఒక్కసారిగా పొడుగవుతాడు, చేతుల పొడవు మారి పాత స్వింగ్ సరిపోదు. స్కోర్లు నాలుగైదు పెరుగుతాయి. "ఆసక్తి పోయింది" అని ఇంట్లో నిర్ణయించేస్తారు. సాధన గంటలు సగమై, ఒళ్లు కొత్తదై ఉన్న ఏడాదిలో తీసుకున్న కొలతతో ఆకాంక్షను తూచడం అన్యాయం.

పెద్ద లక్ష్యం పెట్టాలా వద్దా అన్నదాని మీద కోచ్‌లలో రెండు వర్గాలున్నాయి. పైకి గురిపెట్టనివాడు పైకి వెళ్లడని ఒక వర్గం. స్థానం, ర్యాంకు అన్నవి ఇతరుల ఆట మీద కూడా ఆధారపడేవి కాబట్టి, తన చేతిలో లేనిదాన్ని లక్ష్యంగా పెడితే పిల్లాడు ప్రతి పట్‌నూ తీర్పులా చూస్తాడని ఇంకో వర్గం. నాకు రెండోవాళ్ల వాదనలో బలం ఎక్కువ కనిపిస్తుంది, కనీసం పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా.

ప్రొఫెషనల్‌గా మారే తొందర

ఆకాంక్షకు అంతిమ రుజువు ప్రొఫెషనల్ కావడమే అన్న నమ్మకం ఒకటుంది. పీజీ "బిల్లూ" సేఠీ 1965లో ఇండియన్ ఓపెన్‌ను అమెచ్యూర్‌గానే గెలిచాడు. 2022 జనవరిలో మారిన నిబంధనల తర్వాత అమెచ్యూర్‌గా ఉండటం ఆర్థికంగా కూడా కొంత తేలికైంది. స్ట్రోకులు తగ్గించని స్క్రాచ్ పోటీల్లో 700 పౌండ్ల విలువ దాకా నగదు బహుమతి తీసుకోవచ్చు. స్పాన్సర్ల సాయం మీద ఉన్న ఆంక్షలు చాలావరకు తొలగిపోయాయి. అమెరికా కాలేజీ గోల్ఫ్ దారిలో వెళ్లాలంటే అమెచ్యూర్ హోదా నిలుపుకోవడం ముఖ్యం. ఇక్కడే ఉండి పీజీటీఐ (భారత ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్) ప్రవేశ పోటీ అయిన క్వాలిఫయింగ్ స్కూల్‌లో ఓ రాయి వేసి చూద్దామనుకునేవాళ్లకు అది వేరే దారి. తొందరపడి మారినవాళ్లకు దారి పూర్తిగా మూసుకుపోదు. అమెచ్యూర్ హోదా తిరిగి ఇవ్వమని దరఖాస్తు చేసుకోవచ్చు, కొంతకాలం వేచి ఉండాల్సి రావచ్చు.